కాగితం లేని బాధితులు

గూడూరు పక్కన జాతీయ రహదారిని వదిలి తూర్పుకు సాగితే చిల్లకూరు మండలం సముద్రం దిక్కుగా పరుచుకుని ఉంటుంది. తీరం దగ్గరపడే కొద్దీ తెల్లని ఇసుక నేలలు, సరుగుడు తోపులు, జీడిమామిడి తోటలు, వాటి నడుమ దొరువులు. ఇసుక పొరల్లో నిలిచిన వాననీటిని లోతులేని గుంటలోకి ఊరనిచ్చి తోడుకునే దొరువు నెల్లూరు తీరపు సేద్యంలో పాత విద్య. ఉప్పునీటి పొరుగున తీపినీరు నిలబడేది ఆ ఇసుక వల్లనే. అదే ఇసుకకు ఇప్పుడు సిలికా అని మరో పేరు. గాజు పరిశ్రమకు అది ముడిసరుకు. లారీకెక్కిన ఇసుకకు టన్ను లెక్కన ధర ఉంది, రాయల్టీ ఉంది, రవాణా పత్రం ఉంది. ఆ ఇసుక పట్టి ఉంచిన నీటికి మాత్రం లెక్క లేదు. ఆ నీటిని నమ్ముకుని బతికిన మనుషులకు అంతకన్నా లేదు.

ఈ తీరానికి పరిశ్రమలు అలలు అలలుగా వచ్చాయి. 1990లలో రొయ్యల గుంటలు వచ్చాయి. 2008 జూలైలో కృష్ణపట్నం ఓడరేవు ప్రారంభమైంది. 2020లో అది నవయుగ నుంచి అదానీ చేతికి మారింది. తమ్మినపట్నం దగ్గర మీనాక్షి, సింహపురి థర్మల్ కేంద్రాలు లేచాయి. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం చెన్నై–బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌లో భాగంగా కృష్ణపట్నం నోడ్‌కు రూ.2,139 కోట్ల అంచనాతో ఆమోదం తెలిపింది. చిల్లకూరు, కోట మండలాల నేల మీద రాబోయే ఆ ‘క్రిస్ సిటీ’కి 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖపట్నం సభ నుంచే శంకుస్థాపన చేశారు. సుమారు రూ.10,500 కోట్ల పెట్టుబడులు వస్తాయని, ప్రత్యక్షంగా, పరోక్షంగా లక్ష మందికి ఉపాధి దొరుకుతుందని ప్రకటించారు. ఈ మధ్యలో, 2022 ఏప్రిల్‌లో, చిల్లకూరు నెల్లూరు జిల్లాను వీడి తిరుపతి జిల్లాలో చేరింది. జిల్లా మారినా ఊరి చివరి గిరిజన కాలనీలు ఊరి చివరే ఉన్నాయి.

ఈ నేల మీద ఎవరున్నారు? 2011 జనగణన నాటి ఉమ్మడి నెల్లూరు జిల్లాలో ఎస్సీలు 22 శాతం పైన, ఎస్టీలు పది శాతానికి దగ్గరగా ఉన్నారు. ఎస్టీలలో అత్యధికులు యానాదులు. ఉమ్మడి రాష్ట్రంలో వారి సంఖ్య అయిదు లక్షల పైచిలుకు. వాగుల్లో చేపలు, పీతలు పట్టడం, పొలాల్లో ఎలుకలు పట్టడం, తోటలకు కాపలా ఉండటం, కూలికి పోవడం వారి బతుకుతెరువు. వారిలో ఒక శాఖ పేరు రెడ్డి యానాదులు. తాము కొలువు చేసిన యజమాని కులమే శాఖ పేరుగా నిలిచిపోయిన అరుదైన జాతి ఇది. ఇంకో శాఖను చల్లా యానాదులన్నారు. ఆ పేరు వెనుక ఎంగిలి మెతుకుల అవమానం ఉంది. వలసపాలకులు వీరిలో కొందరిపై నేరస్థ జాతి అన్న ముద్ర వేశారు. ఇదే నెల్లూరు జిల్లాలో వెన్నెలకంటి రాఘవయ్య తన జీవితమంతా యానాదుల కోసం పనిచేసి, 1962లో వారి మీద ఇంగ్లీషులో సమగ్ర గ్రంథం వెలువరించారు. ఆ తర్వాత కొన్నేళ్ళకే శ్రీహరికోటలో అంతరిక్ష కేంద్రం వచ్చింది, అక్కడి యానాదులు దీవిని వదిలి రావలసి వచ్చింది. దేశం ఆకాశానికి ఎగిరిన చోటు నుంచి నేల మీదివారు కదిలిపోయిన ఆ చరిత్ర చిల్లకూరుకు చాలా దూరమేమీ కాదు.

ఇప్పుడు ఢిల్లీ వైపు చూద్దాం. 2011 జూన్‌లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి వ్యాపారం–మానవ హక్కులపై మార్గదర్శక సూత్రాలను ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆ తీర్మానాన్ని ప్రతిపాదించిన దేశాల్లో భారత్ ఒకటి. హక్కులను కాపాడవలసింది రాజ్యం, గౌరవించవలసింది కంపెనీ, భంగం జరిగితే బాధితుడికి పరిహార మార్గం ఉండాలి. ఈ మూడు మాటలే ఆ సూత్రాల సారం. 2019 మార్చిలో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ బాధ్యతాయుత వ్యాపార ప్రవర్తనపై జాతీయ మార్గదర్శకాలు ప్రకటించింది. వాటిలోని తొమ్మిది సూత్రాల్లో అయిదవది మానవ హక్కులది. కానీ అవి పాటిస్తే పుణ్యం, పాటించకపోతే పాపం లేని సూత్రాలు. అదే కాలంలో ఒక జాతీయ కార్యాచరణ ప్రణాళికకు తొలి ముసాయిదా కూడా విడుదల చేశారు. థాయిలాండ్ 2019లో, జపాన్ 2020లో, పాకిస్తాన్ 2021లో తమ ప్రణాళికలను ఖరారు చేసుకున్నాయి. మన ముసాయిదా ముసాయిదాగానే ఉంది.

ప్రణాళిక ఆలస్యమైందన్నది చిన్న ఫిర్యాదు. రేపు అది ఖరారైనా చిల్లకూరు యానాదికి దాని వల్ల ఏం ఒరుగుతుందన్నది అసలు ప్రశ్న. మన పాలనలో బాధితుడు కావాలంటే ముందు చేతిలో కాగితం ఉండాలి. పట్టా, పాస్‌బుక్, లీజు, నియామక పత్రం, ఏదో ఒకటి. ఆ కాగితం ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది ఈ దేశంలో కులం నిర్ణయించింది. కాగితం ఉన్నవారికే హక్కుల విధానం వర్తించేటట్టయితే, ఆ విధానం ఎంత ఉదాత్తమైన భాషలో ఉన్నా కులం గీసిన గీత దగ్గరే ఆగిపోతుంది.

భూసేకరణ చట్టాన్నే తీసుకుందాం. 2013 చట్టం ఈ విషయంలో మార్గదర్శక సూత్రాల కన్నా ముందుకు వెళ్ళింది. భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ ప్రాంతంలో కూలి చేసి బతికిన కుటుంబాన్ని అది ప్రభావిత కుటుంబమంటుంది. అడవి మీద, నీటి వనరుల మీద ఆధారపడి బతికేవారిని, చేపలు పట్టేవారిని, పడవ నడిపేవారిని విడిగా పేర్కొంటుంది. ప్రభుత్వం అసైన్ చేసిన భూమి ఉన్నవారినీ కలుపుకుంటుంది. ఉప్పుటేరులో పీతలు పట్టుకునే యానాది స్త్రీని బాధితురాలిగా గుర్తించగల వాక్యం మన చట్టంలోనే ఉంది. అయితే ఆమెను గుర్తించేది ఎవరు? సామాజిక ప్రభావ మదింపు. ఊరూరూ తిరిగి, గ్రామసభ పెట్టి, ఎవరు దేని మీద బతుకుతున్నారో రాసుకోవలసిన ప్రక్రియ అది. 2018లో ఆంధ్రప్రదేశ్ తెచ్చుకున్న సవరణ, పారిశ్రామిక కారిడార్లతో సహా కొన్ని తరగతుల ప్రాజెక్టులను ఆ మదింపు నుంచి మినహాయించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. నిర్వచనాన్ని ముట్టుకోలేదు. ఆ నిర్వచనంలోకి మనిషిని తీసుకువచ్చే తలుపును మాత్రం మూయగల తాళంచెవిని ప్రభుత్వం తన చేతిలో పెట్టుకుంది. పట్టాదారు పేరు రికార్డులో ఉంటుంది కనుక మదింపు లేకపోయినా అతడు కనిపిస్తాడు. పీతలు పట్టే మనిషి ఏ రికార్డులో కనిపిస్తుంది?

ఇంతకన్నా లోతైన చిక్కు ఒకటుంది. ఆ చట్టం కదలాలంటే ముందు ‘సేకరణ’ జరగాలి. తీరప్రాంతంలో పోరంబోకు, బంజరు, తిప్పలు, వాగు ఒడ్డులు ప్రభుత్వ భూములు. వాటిని పరిశ్రమల కోసం ఏపీఐఐసీ వంటి సంస్థకు అప్పగించడానికి సేకరణ అక్కరలేదు, బదలాయింపు చాలు. ఒక శాఖ నుంచి మరో సంస్థకు ఫైలు కదులుతుంది. సేకరణ లేదు గనుక ప్రభావిత కుటుంబమూ లేదు. తరతరాలుగా ఆ తిప్ప మీద గుడిసె వేసుకున్నవారు ఆ ఫైలులో మహా అయితే ఆక్రమణదారులు. గిరిజనులే అయినా వీరికి సమతా తీర్పు రక్షణ లేదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పుగానీ, 1970 నాటి ఒకటవ నిబంధనగానీ, పెసా చట్టంగానీ షెడ్యూల్డ్ ప్రాంతాలకే వర్తిస్తాయి. నెల్లూరు తీరంలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. అరకులో గిరిజనుడికి ఉన్న కవచం చిల్లకూరు గిరిజనుడికి లేదు. ఇద్దరూ ఎస్టీలే.

దళితవాడల సంగతి కొంత భిన్నం. వారి చేతిలో కాగితం ఉంది, అసైన్‌మెంట్ పట్టా రూపంలోనో, సీజేఎఫ్ఎస్ భూములుగా పిలిచే ఉమ్మడి సేద్య సహకార సంఘాల పేరనో. 1977 చట్టం ఆ భూముల అమ్మకాన్ని నిషేధించింది. కొన్నవారికి హక్కు రాదంది. ప్రజా ప్రయోజనం పేరుతో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చింది. ఇది దళిత భూపోరాటాలు మరిచిపోకూడని తీర్పు. తర్వాత 2023లో, అసైన్ చేసి ఇరవై ఏళ్ళు దాటిన భూములపై అమ్ముకునే హక్కుతో సహా పూర్తి యాజమాన్యం ఇస్తూ చట్టాన్ని సవరించారు. 2024లో ప్రభుత్వం మారాక, అక్రమాలు జరిగాయంటూ ఆ భూముల రిజిస్ట్రేషన్లు నిలిపి సమీక్ష మొదలుపెట్టారు. దళితుడికి తన భూమిని అమ్ముకునే స్వేచ్ఛ ఎందుకు ఉండకూడదన్న వాదనను నేను తేలికగా తీసుకోను. అది ఆత్మగౌరవ వాదన. కానీ కారిడార్ పటం ముందుగా తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య జరిగే అమ్మకంలో స్వేచ్ఛ ఎవరి పక్షాన ఉంటుందో చెప్పడానికి ఆర్థికశాస్త్రం చదవనక్కరలేదు. పరిశ్రమ వస్తుందని ప్రకటించిన మండలాల్లోనైనా, ఆ ప్రకటనకు ముందూ వెనుకా జరిగిన అసైన్డ్ భూముల చేతిమార్పిడిని బహిరంగంగా ఊరి చావిడిలో చదివి వినిపించాలి.

నీటి దగ్గరకు వస్తే ఈ తీరానికి ఒక పాత అనుభవం ఉంది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో రొయ్యల పరిశ్రమపై చరిత్రాత్మక తీర్పు ఇచ్చింది. తీర నియంత్రణ మండలంలో ఉన్న ఆధునిక పద్ధతి చెరువులను మూసేయాలంది. కలుషితం చేసినవాడే మూల్యం చెల్లించాలంది. నెల్లూరు జిల్లా తీర గ్రామాల్లో తాగునీరు ఉప్పగా మారిన వైనం ఆ కేసులో కోర్టు ముందుకు వచ్చింది. తీర్పు ఎన్నాళ్ళు నిలిచింది? 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార చట్టం చేసి, నిషేధాన్ని వెనక్కి తిప్పి, లైసెన్సుల పద్ధతి తెచ్చింది. రైతులు, ఎగుమతిదారులు, బ్యాంకులు ఆ చట్టాన్ని సాధించుకున్నారు. మంచినీళ్ళు పోయిన పాలెం మాత్రం తన తరఫున ఒక్క సవరణను సాధించుకోలేకపోయింది. రొయ్యల షెడ్లలో తలలు ఒలిచే స్త్రీల పని పరిస్థితుల గురించి 2024లో అమెరికాకు చెందిన కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ నివేదిక వెలువరించినప్పుడు ఇక్కడ ప్రధానంగా వినిపించిన ఆందోళన ఎగుమతులు ఏమవుతాయన్నదే. ఆ స్త్రీలు ఎవరన్నది మనకు నివేదిక చదవకుండానే తెలుసు.

కంపెనీల నుంచి సమాచారం రాబట్టే ఏర్పాటు ఒకటి ఉందని ప్రభుత్వం చెబుతుంది. నిజమే. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు ఏటా బీఆర్ఎస్ఆర్ అనే నివేదిక ఇవ్వాలని సెబీ 2022–23 నుంచి తప్పనిసరి చేసింది. ఆ నమూనాను తీసి చూడండి. ఉద్యోగులలో స్త్రీలెందరు, వికలాంగులెందరు అని అడుగుతుంది. ఎస్సీలెందరు, ఎస్టీలెందరు అని ఉద్యోగుల పట్టికలో గడి లేదు. నీటి వాడకాన్ని కిలోలీటర్లలో అడుగుతుంది. ఆ నీరు ఏ వాడ బావిదని అడగదు. ఇక సిలికా లీజుదారుడు లిస్టెడ్ కంపెనీ కాడు. అతడికి ఆ నివేదిక గొడవే లేదు. 2015లో సిలికా ఇసుకను చిన్నతరహా ఖనిజాల జాబితాలో చేర్చి రాష్ట్రాల చేతికి ఇచ్చారు. అయిదు హెక్టార్ల లోపు లీజులకు విడివిడిగా ప్రజాభిప్రాయ సేకరణ కూడా అక్కరలేదు. ఇసుక తవ్విన చోటి నుంచి గాజు పలకగా మారి నగరపు భవనానికి అతుక్కునే దాకా సాగే గొలుసులో నివేదిక రాసేది చివరి కొసనున్నవాడు, దెబ్బ తగిలేది మొదటి కొసలో ఉన్నవాడికి.

రాసే చోట సామాజిక బాధ్యత అన్న శీర్షిక తప్పక ఉంటుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద లాభాల్లో రెండు శాతం. ఊరికి మంచినీటి శుద్ధి యంత్రం, బడికి బెంచీలు, ఒక వైద్య శిబిరం. వాటిని కాదనను, దాహం వేసినవాడికి తర్కం చెప్పకూడదు. కానీ తీపినీళ్ళ దొరువు పోయిన చోట ఇరవై లీటర్ల క్యానుకు దండం పెట్టించుకోవడంలో మనకు బాగా తెలిసిన పాత వాసన ఒకటుంది. హక్కుగా ఉన్నదాన్ని తీసుకుని దయగా కొంత తిరిగివ్వడం ఈ దేశంలో కంపెనీలు కనిపెట్టినది కాదు.

చట్టం లేదా మరి? ఉంది. అది కార్పొరేట్ వ్యవహారాల శాఖ అలమరలో లేదు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాని వెనుక కారంచేడు నెత్తురు ఉంది. 2015లో దాన్ని సవరించి పదును పెట్టారు. ఎస్సీ, ఎస్టీల భూమిని అక్రమంగా ఆక్రమించడం, వారిని భూమి నుంచీ నివాసం నుంచీ వెళ్ళగొట్టడం, భూమిపైనా నీటిపైనా వారి హక్కుల అనుభవానికి అడ్డుపడటం ఆ చట్టం కింద నేరం. వెట్టి చేయించడం నేరం. వారు మామూలుగా వాడుకునే నీటి వనరును పాడుచేయడం కూడా నేరమే. ఈ నేరాల జాబితాను, వ్యాపారం–మానవ హక్కుల సూత్రాలను పక్కపక్కన పెట్టి చూడండి. మార్గదర్శకాలు సలహాగా చెప్పిన వాటిలో ముఖ్యమైనవాటిని ఈ చట్టం శిక్షతో చెబుతోంది. అయినా జాతీయ మార్గదర్శకాల చర్చల్లో దీని ఊసు ఎంత అరుదు! అత్యాచారం అంటే ఊరి తగాదా, కులదూషణ, కొట్లాట అనే పోలీసు స్టేషన్ ఊహ మన కంపెనీ వ్యవహారాల నిపుణులదీ అయింది. కులం ఊళ్ళో ఉంటుంది, కంపెనీ కులం లేని చోట పుట్టింది అన్న నమ్మకం. ఆ కంపెనీకి భూమి చూపినవాడు, మట్టి తోలే కాంట్రాక్టు తీసుకున్నవాడు, కూలీలను పంపే మేస్త్రీ, లారీల యజమాని ఎవరో చిల్లకూరు కూడలిలో టీ తాగుతూ అడిగినా చెబుతారు.

వెట్టి మాట అన్నాను గనుక దానికి ఒక వాక్యం. యానాది కుటుంబాలు అడ్వాన్సు తీసుకుని తోటల్లో, రొయ్యల గుంటల కాపలాలో, ఇటుక బట్టీల్లో, సరుగుడు నరికే పనుల్లో అప్పుకు కట్టుబడి ఉండిపోవడం ఈ ప్రాంతానికి కొత్త వార్త కాదు. 1976 నుంచి వెట్టి నిర్మూలన చట్టం ఉంది. విడుదల పత్రం ఇవ్వవలసింది రెవెన్యూ అధికారి. అక్కడా మళ్ళీ కాగితమే. ఆ పత్రం లేనిదే పునరావాసం లేదు.

ఇక్కడి విద్యుత్ కేంద్రాల కథలో ఎవరూ పట్టించుకోని మలుపు ఒకటుంది. మీనాక్షి ఎనర్జీ దివాలా ప్రక్రియ ద్వారా 2023లో వేదాంత చేతికి వచ్చింది. సింహపురి ఎనర్జీ కూడా దివాలాకు వెళ్ళి జిందాల్ పవర్ పరమైంది. దివాలా చట్టం పాత కంపెనీ బాకీలను కొత్త యజమాని మెడకు చుట్టనివ్వదు. ఆమోదం పొందిన పరిష్కార ప్రణాళికలో లేని క్లెయిములు రద్దయినట్టేనని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఘనశ్యామ్ మిశ్రా కేసులో స్పష్టం చేసింది. బ్యాంకు తన క్లెయిమును గడువులోగా దాఖలు చేసుకుంటుంది, దానికి న్యాయవాదులున్నారు. ఏ ప్రాజెక్టు కిందనైనా, ఇంటికో ఉద్యోగమని నోటిమాటగా హామీ పొందిన వాడ ఏ ఫారం మీద క్లెయిము దాఖలు చేస్తుంది? తేదీ ముగిసిందని దానికి ఎవరు చెబుతారు? పరిశ్రమల యజమానులు మారే వేగం పెరిగిన ఈ కాలంలో, భూమి ఇచ్చినవారికీ బతుకుతెరువు పోయినవారికీ చేసిన హామీలను దివాలా ప్రక్రియకు అతీతంగా నిలపాలన్న డిమాండు దళిత, గిరిజన సంఘాల పట్టికలోకి రావాలి. ఇంతకాలం రాకపోవడం మనందరి లోపం.

ఉద్యోగాలు వస్తాయి కదా, ఎందుకీ అడ్డుపుల్ల అని అడిగేవారుంటారు. వ్యవసాయ కూలి నుంచి, తోట కాపలా నుంచి బయటపడే దారి దళితుడికీ యానాదికీ కావాలి. పరిశ్రమ వద్దనే హక్కు కడుపు నిండినవారికి లేదు. పల్లెను బంగారంగా తలచేవారితో నాకు పేచీ ఉంది. అందుకే అడుగుతున్నాను, ఆ ఉద్యోగాలు ఎవరికి? స్థానికులకు 75 శాతం అంటూ 2019లో రాష్ట్రం చట్టం చేసింది. స్థానికుడంటే రాష్ట్రవాసి. ప్రాజెక్టు వల్ల ఏటి ఒడ్డును పోగొట్టుకున్న కుటుంబానికీ, మూడు వందల కిలోమీటర్ల అవతలి డిప్లొమా పట్టభద్రుడికీ ఆ చట్టంలో తేడా లేదు. లక్ష ఉద్యోగాల లెక్కలో ఎన్ని కంపెనీ జాబితాలోవి, ఎన్ని కాంట్రాక్టరు చేతిలోవి అన్న విభజన ఏ శంకుస్థాపన ప్రకటనలోనూ చూడం.

జిల్లా స్థాయిలో రెండు కమిటీలున్నాయి. అత్యాచారాల నిరోధక చట్టం నియమాల ప్రకారం ఏర్పడే జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీ మూడు నెలలకొకసారైనా కూర్చోవాలి. పరిశ్రమల అనుమతులు, రాయితీలు చూసే జిల్లా పరిశ్రమల ప్రోత్సాహక కమిటీ ఇంకొకటి. రెండింటికీ అధ్యక్షుడు కలెక్టరే. క్రిస్ సిటీలో కంపెనీలకు స్థలాలు కేటాయించే ముందు చిల్లకూరు, కోట మండలాల్లోని ప్రతి గిరిజన కాలనీ, దళితవాడ, పట్టపుపాలెం ఏ నీటి మీద, ఏ తిప్ప మీద, ఎవరి దగ్గర కూలి మీద బతుకుతోందో 2013 చట్టం నిర్వచనం ప్రకారం లెక్క తీయించి, ఆ జాబితాను మొదటి కమిటీ ఆమోదంతో రెండవ కమిటీ బల్ల మీద పెట్టడానికి కొత్త చట్టం అక్కరలేదు. జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చేదాకా ఆగనక్కరలేదు. కలెక్టరు సంతకంతో ఒక ప్రొసీడింగ్స్ చాలు.